పడిపోని మూర్ఛ

 

మూర్ఛ అనగానే మన కళ్ళ ముందు నిలిచే దృశ్యం ఒక్కటే. మనిషి ఉన్నట్టుండి నేలకూలుతాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి, నోట నురగ వస్తుంది. అరబీ వైద్య గ్రంథాలు ఈ వ్యాధికి పెట్టిన 'సర్అ' అన్న పేరుకు కూడా కింద పడవేయడమనే అర్థం. మన ఇళ్ళలో దీనినే మిర్గీ అంటాము, వీధిలో ఫిట్స్ అంటారు. అయితే ఆయుర్వేదం దీనికి పెట్టిన పేరు వేరు. 'అపస్మారం' అంటే స్మృతి తప్పిపోవడం. ఒక పేరు శరీరం పడిపోవడాన్ని చెబుతుంటే, మరొక పేరు జ్ఞాపకం జారిపోవడాన్ని చెబుతోంది. ఈ మాసం మనం మాట్లాడుకోబోయేది ఈ రెండవ పేరు సూచించే వ్యాధిని గురించి. ఇందులో చాలాసార్లు మనిషి పడిపోడు. కాబట్టే ఇల్లు దానిని గుర్తించదు, బడి గుర్తించదు, మదరసా కూడా గుర్తించదు.

ఒక బాలుడు సబఖ్ వినిపిస్తున్నాడనుకోండి. ఆయతు మధ్యలో ఆగిపోతాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంటుంది. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతాయి. వేళ్ళు కుర్తా అంచును పీకుతుంటాయి. పిలిస్తే పలకడు. నిమిషమో, రెండు నిమిషాలో గడిచాక తేరుకుంటాడు గానీ, తాను ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో చెప్పలేడు. ఉస్తాదుకు అది అశ్రద్ధగా కనబడుతుంది. తల్లికి గాలి సోకినట్టు కనబడుతుంది. ఇరుగుపొరుగు జిన్నాతు మాట ఎత్తుతారు. ముగ్గురూ ఆ బిడ్డ మేలు కోరేవారే, కానీ ముగ్గురిలో ఒక్కరి మాటా ఆ బిడ్డను నరాల వైద్యుని వద్దకు చేర్చదు. వైద్యులు ఇటువంటి మూర్ఛను టెంపోరల్ లోబ్ ఎపిలెప్సీ అంటారు. కణత భాగపు మూర్ఛ అని మనం చెప్పుకోవచ్చు. పెద్దవారిలో మెదడులోని ఒక చోట నుండి బయలుదేరే మూర్ఛలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎక్కడ మొదలవుతుంది?

చెవికి పైన, కణత వెనుక, పుర్రె లోపల మెదడులోని ఒక భాగం ఇరువైపులా ఉంటుంది. దాని లోపలి అంచున హిప్పోకాంపస్ అనే చిన్న అవయవం ఉన్నది. చూడడానికి సముద్రపు గుర్రం చేపలా ఉంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. మనం కొత్తగా విన్నదీ, చదివినదీ, చూసినదీ శాశ్వత జ్ఞాపకంగా మారాలంటే ఈ చిన్న ద్వారం గుండానే పోవాలి. దాని ముందు భాగాన బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే మరో భాగం ఉంది. భయం, ఆందోళన వంటి ఉద్వేగాలకు అది ముఖ్య స్థానం.

పసితనంలో తీవ్రమైన జ్వరంతో చాలాసేపు వచ్చిన ఫిట్స్, తలకు తగిలిన దెబ్బ, మెదడువాపు, గడ్డలు మొదలైన కారణాలతో ఈ భాగం దెబ్బతినవచ్చు. కొందరిలో హిప్పోకాంపస్‌లోని కణాలు నశించి, అది గట్టిపడి కుంచించుకుపోతుంది. మరికొందరిలో ఏ కారణమూ బయటపడదు. కారణం ఏదైనా, అక్కడి నరాల కణాలు అదుపు తప్పి ఒక్కుమ్మడిగా విద్యుత్తును వెలువరించినప్పుడు మూర్ఛ మొదలవుతుంది.

అందుకే దీని తొలి సంకేతాలు చాలా విచిత్రంగా ఉంటాయి. పొట్టలోనుండి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపిస్తుంది. కారణం లేకుండానే గుండె గుభేలుమంటుంది. ఎన్నడూ చూడని చోటు ఇంతకు ముందు చూసినట్టే తోస్తుంది. లేని వాసన ముక్కుకు తగులుతుంది. మన పల్లెలలో ఇటువంటి మాటలు చెప్పిన బిడ్డను తీసుకుపోయేది వైద్యుని దగ్గరికి కాదని మనందరికీ తెలుసు. నిజానికి భయాన్నీ, వాసననూ, జ్ఞాపకాన్నీ చూసుకునే భాగంలోనే ఈ నిప్పు రాజుకుంటున్నది కాబట్టి ఆ మూడే వికటించి బయటికి వస్తాయి.

ఒక చెరువు తెగితే

ఇంతవరకు చెప్పినది వింటే, జబ్బు ఉన్నది తలలో ఒక మూలనే కదా, మిగిలిన మెదడంతా బాగానే ఉన్నది కదా అనిపిస్తుంది. పూర్వం వైద్యులు సైతం చాలావరకు అలాగే భావించారు. గడచిన కొన్ని దశాబ్దాలలో ఈ అభిప్రాయం మారింది.

మా చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు ఉన్నది, దాని దిగువన ధర్మవరం చెరువు ఉన్నది. పై చెరువు మరవ పారితే ఆ నీళ్ళు దిగువకే పోతాయి. పై చెరువుకు నీళ్ళు రాకపోతే దిగువ ఆయకట్టు కూడా ఎండుతుంది. ఒక కట్ట తెగిందంటే ఆ నష్టం ఆ ఒక్క ఊరితో ఆగదు. కరువు సీమలో పెరిగిన వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సృష్టికర్త మెదడును కూడా ఇటువంటి గొలుసుకట్టుగానే నిర్మించాడు. హిప్పోకాంపస్ నుండి బయలుదేరే నరాల తంతువులు మెదడు నడిమధ్యనున్న థాలమస్‌కు చేరతాయి, అక్కడి నుండి పై పొరలకు వెళ్ళి, మళ్ళీ తిరిగి హిప్పోకాంపస్‌కే వస్తాయి. జేమ్స్ పేపెజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1937లోనే ఈ వలయాన్ని వర్ణించాడు. కణత వెనుక రేగిన విద్యుత్ తుఫాను ఈ దారులన్నిటి వెంబడీ పోగలదు.

దీనికి బలమైన సాక్ష్యం 2018లో వెలువడింది. 14 దేశాలలోని 24 పరిశోధన కేంద్రాలు కలిసి మూర్ఛవ్యాధి ఉన్న 2,149 మంది మెదడు చిత్రాలను, ఆరోగ్యవంతులైన 1,727 మంది చిత్రాలతో పోల్చి చూశాయి. కణత భాగపు మూర్ఛ ఉన్నవారిలో కుంచించుకుపోయినది హిప్పోకాంపస్ ఒక్కటే కాదని తేలింది. థాలమస్ కూడా చిన్నదై ఉన్నది. మూర్ఛ పుట్టిన చోటికి ఎంతో దూరాన ఉన్న పై పొరలు కూడా పలుచబడి ఉన్నాయి. ఈ మార్పులలో ఎంత భాగం మూర్ఛలకు కారణం, ఎంత భాగం మూర్ఛల ఫలితం అన్న విషయం మీద పరిశోధన ఇంకా సాగుతోంది. కానీ ఇది ఒక మూలకు పరిమితమైన జబ్బు కాదనీ, మొత్తం అల్లికకు సంబంధించిన జబ్బనీ స్పష్టమైంది.

కళ్ళు తెరిచే ఉన్నా స్పృహ ఎందుకు పోతుంది?

మూర్ఛ ఒక మూలనే ఉన్నప్పుడు మనిషి మొత్తంగా స్పృహ ఎందుకు కోల్పోవాలి? ఈ ప్రశ్న వైద్యులను చాలాకాలం వేధించింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హాల్ బ్లూమెన్‌ఫెల్డ్ బృందం మూర్ఛ జరుగుతున్న సమయంలోనే మెదడును పరిశీలించి దీనికి ఒక సమాధానం చూపింది. కణత భాగంలో విద్యుత్తు చెలరేగుతున్న ఆ వేళలోనే నుదుటి వెనుక, నడినెత్తి కింద ఉన్న భాగాలలో గాఢనిద్రలో కనిపించే మందకొడి తరంగాలు కనిపించాయి. మనల్ని మేలుకొలిపి ఉంచే కేంద్రాలు మెదడు అడుగున ఉంటాయి. కణత వెనుక నుండి వ్యాపించిన అలజడి ఆ కేంద్రాలను అణచివేస్తుంది. అంటే ఒక చోట మంట రేగితే, మిగిలిన ఊరంతా దీపాలు ఆరిపోతాయన్నమాట.

ఈ సంగతి తెలిసిన తరువాత ఆ బిడ్డ తెరిచిన కళ్ళను మనం చూసే తీరే మారాలి. అతడు మన మాటను నిర్లక్ష్యం చేయడం లేదు, మన మాట అతనికి చేరడమే లేదు. అటువంటప్పుడు గద్దించడం, భుజం పట్టి కుదపడం, బెత్తం తీయడం నిద్రపోతున్న వానిని తప్పు పట్టినట్టే అవుతుంది. స్పృహలేని వాని మీద ధార్మిక బాధ్యతల లెక్కే లేదని మన దీన్ చెబుతుండగా, ఆ క్షణాలకు లెక్క అడగడానికి మనం ఎవరం?

మూర్ఛకూ మూర్ఛకూ మధ్య

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నెలకు రెండుసార్లు, ఒక్కొక్కసారి నిమిషంపాటు వచ్చే జబ్బు, మిగిలిన రోజులను వదిలేస్తుందా? చాలామందిలో వదలదు.

జ్ఞాపకశక్తిని తీసుకోండి. సాధారణంగా ఎడమ కణత భాగం మాటల జ్ఞాపకానికి, కుడి భాగం ముఖాలు, దారులు, స్థలాల జ్ఞాపకానికి ఎక్కువగా తోడ్పడతాయి. ఎడమవైపు మూర్ఛ ఉన్నవారికి కొత్త పాఠం నిలవడం కష్టమవుతుంది, తెలిసిన మాటే నోటికి రాక తడుముకుంటారు. పగలు నేర్చుకున్నదానిని రాత్రి గాఢనిద్రలో హిప్పోకాంపస్ మెదడు పై పొరలకు అప్పగిస్తుంది. మూర్ఛ లేని సమయాలలో సైతం దెబ్బతిన్న భాగం నుండి చిన్న చిన్న విద్యుత్ మెరుపులు వెలువడుతుంటాయి. అవి ఆ అప్పగింతకు అడ్డుతగులుతాయి. పైకి ఏమీ కనబడదు గానీ, రాత్రి వల్లించిన పాఠం తెల్లవారేసరికి నిలవదు.

హిఫ్జ్ తరగతిలో ఈ సంగతి ఎంత బరువైనదో నాతోటి ఉస్తాదులకు చెప్పనవసరం లేదు. నిన్నటి వరకు పేజీ పేజీ అప్పజెప్పిన పిల్లవాడు ఇప్పుడు సగం పేజీకే తడబడుతున్నాడంటే, సోమరితనం కంటే ముందు జబ్బును గురించి ఆలోచించాలి. అప్పుడప్పుడూ శూన్యంలోకి చూడటం, పెదవులు చప్పరించడం, తరువాత కాసేపు అయోమయంగా ఉండటం కూడా ఉంటే తల్లిదండ్రులను పిలిపించి, కన్నది కన్నట్టు చెప్పాలి. చికిత్స మొదలైన తరువాత కూడా అటువంటి బిడ్డకు చిన్న సబఖ్, ఎక్కువ సార్లు పునశ్చరణ, నిండుగా నిద్ర కావాలి. ఇది అతనిపై చూపే ఉదారత కాదు, అతని హక్కు.

ఇక మనసు సంగతి. భయ కేంద్రం, జ్ఞాపక కేంద్రం ఒకే వలయంలో ఉన్నాయని పైన చెప్పుకున్నాము. ఈ మూర్ఛ ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన ఇతరుల కంటే ఎక్కువగా కనిపిస్తాయి. కారణం సమాజపు చిన్నచూపు ఒక్కటే కాదు, మెదడులోని ఆ అల్లిక దెబ్బతినడం కూడా ఒక కారణమే. 'ఇంట్లో అన్నీ ఉన్నా మూతి ముడుచుకుని కూర్చుంటుంది' అని కోడలిని ఆడిపోసుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మూర్ఛకు మందు ఇచ్చే వైద్యునికి ఈ దిగులును గురించి కూడా చెప్పాలి. దానికీ చికిత్స ఉన్నది.

తలస్నానంతో వచ్చే మూర్ఛ

మన ప్రాంతానికి దగ్గరగా కనిపించే ఒక రకాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేడినీళ్ళు తల మీద పోసుకున్నప్పుడు వచ్చే మూర్ఛ ఇది. ప్రపంచంలో మొదటిసారి 1945లో న్యూజిలాండ్ నుండి దీనిని వర్ణించారు. తరువాత ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది మన పొరుగున ఉన్న కర్ణాటకలోనే. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు 1988లో 279 మంది రోగుల వివరాలను ప్రచురించారు. సరిహద్దుకు ఇవతలనున్న హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి ప్రాంతాలలో మన స్నానపు అలవాటూ వారిదే. కట్టెల పొయ్యి మీద బాగా కాగిన నీళ్ళను చెంబుతో వెంట వెంటనే నెత్తిన కుమ్మరించుకుంటాము.

ఇందులో మూర్ఛ సాధారణంగా కణత భాగంలోనే మొదలవుతుంది. మూర్ఛ వచ్చిన సమయంలో తీసిన చిత్రాలలో కణత లోపలి భాగం, దానితోపాటు శరీర ఉష్ణోగ్రతను అదుపు చేసే హైపోథాలమస్ ఉత్తేజితమైనట్టు కనబడింది. తల మీద పడిన వేడి, దానిని గ్రహించే కేంద్రం, జ్ఞాపకాల కేంద్రం అన్నీ ఒకే గొలుసులో ఉన్నాయని ఇది కూడా సాక్ష్యమిస్తోంది. కొందరిలో కొన్నేళ్ళ తరువాత వేడినీళ్ళతో సంబంధం లేకుండానే మూర్ఛలు రావడం మొదలవుతుంది. కనుక దీనిని 'స్నానపు కళ్ళు తిరుగుడు' అని కొట్టిపారేయకూడదు.

జుమా రోజున, గుస్ల్ విధి అయినప్పుడు తలస్నానం తప్పదు. అయితే గుస్ల్‌కు వేడినీళ్ళు షరతు కాదు. గోరువెచ్చని నీటిని, కొద్దికొద్దిగా, కూర్చుని పోసుకోవాలి. స్నానాల గది తలుపుకు లోపలి గడియ వేయకూడదు. కొందరికి వైద్యులు స్నానానికి ముందు వేసుకొమ్మని మాత్ర ఇస్తారు. ఇంత తేలిక జాగ్రత్తతో చాలామందిలో ఈ మూర్ఛ అదుపులోకి వస్తుంది.

చికిత్స అందుబాటులోనే ఉన్నది

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉన్నది. సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ఆ సంస్థ చెబుతోంది. ఫీనోబార్బిటోన్, కార్బమజపీన్ వంటి పాత మందులు మన దేశపు అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. అవి ఖరీదైనవి కావు.

మొదట చేయవలసినది, తరువాతి మూర్ఛ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా సెల్‌ఫోనులో వీడియో తీయడం. రోగికి ఏమీ గుర్తుండదు కాబట్టి వైద్యునికి ఆ నిమిషపు వీడియో ఎంతో సాయపడుతుంది. తరువాత నరాల వైద్యుడు ఇ.ఇ.జి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు చేయిస్తారు. ఒక్క ఇ.ఇ.జి. మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు, ఎందుకంటే ఈ భాగం మెదడు లోపలి మూలన ఉన్నది. పుట్టపర్తి వారికి బెంగళూరు రైలు ప్రయాణమంత దూరమే. అక్కడ నిమ్హాన్స్ ఉన్నది. పుట్టపర్తిలో 1991లో ఉచిత వైద్యశాలను నెలకొల్పిన సత్యసాయి సంస్థ 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో తెరచిన ఆసుపత్రిలో మెదడు, నరాల విభాగాలు ఉన్నాయి. అక్కడ కూడా కులమత భేదం లేకుండా ఉచితంగానే చూస్తారు.

మా కరువు సీమలో మందు కంటే కష్టమైనది మందు తప్పకుండా వేసుకోవడం. వానలు మొహం చాటేస్తే కుటుంబాలు బెంగళూరుకో, కేరళకో పనికి వెళ్తాయి. మాత్రలు అయిపోతాయి, చీటీ ఇంట్లోనే ఉండిపోతుంది. రెండు నెలలు మూర్ఛ రాకపోతే 'నయమైంది కదా' అని మానేస్తారు. హఠాత్తుగా మందు ఆపితే మూర్ఛ మునుపటి కంటే తీవ్రంగా, ఒకదాని వెంట ఒకటిగా రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు. వలస వెళ్ళేటప్పుడు రెండు నెలల మాత్రలు, వైద్యుని చీటీ మూటలో మొదట పెట్టుకోవలసిన వస్తువులు.

రమజాన్ మాసంలో సహరీ కోసం నిద్ర తగ్గుతుంది, మాత్రల వేళలు మారుతాయి. నిద్రలేమి మూర్ఛను రెచ్చగొడుతుంది. కనుక నెల ముందే వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఉపవాసం వల్ల హాని కలుగుతుందని ఆయన చెబితే, రోగులకు అల్లాహ్ స్వయంగా ఇచ్చిన వెసులుబాటును కృతజ్ఞతతో స్వీకరించాలి.

మాత్రలతో తగ్గకపోతే

సరిగా ఎంచుకున్న రెండు మందులు, సరైన మోతాదులో వాడినా మూర్ఛలు ఆగకపోతే మూడవది, నాలుగవది మార్చుకుంటూ ఏళ్ళు గడపకూడదు. శస్త్రచికిత్స వీలవుతుందేమో చూపించుకోవాలి. కెనడాలో 80 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2001లో వెలువడ్డాయి. ఏడాది తరువాత స్పృహ తప్పించే మూర్ఛలు లేకుండా ఉన్నవారు శస్త్రచికిత్స పక్షంలో 58 శాతం, మందులు మాత్రమే వాడిన పక్షంలో 8 శాతం. మన దక్షిణాదిలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ కె. రాధాకృష్ణన్ నేతృత్వంలో 1995లో ఈ శస్త్రచికిత్సలు మొదలయ్యాయి.

శస్త్రచికిత్సకు ముందు అన్ని పరీక్షలు ఎందుకు చేస్తారని విసుక్కోకండి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుని మూర్ఛలు తగ్గించడానికి రెండు వైపులా కణత లోపలి భాగాలను తొలగించారు. మూర్ఛలు బాగా తగ్గాయి గానీ, 2008లో మరణించేవరకు అతనికి కొత్త జ్ఞాపకం ఒక్కటీ నిలవలేదు. జ్ఞాపకానికి ఆ భాగం ఎంత అవసరమో ప్రపంచానికి తెలిసింది అతని వల్లనే. అందుకే నేడు ఒకవైపు మాత్రమే, అదీ రెండవ వైపు జ్ఞాపకాన్ని మోయగలదని నిర్ధారించుకున్న తరువాతనే తొలగిస్తారు. శస్త్రచికిత్స వీలుకాని కొందరికి థాలమస్‌లో సన్నని తీగ అమర్చి స్వల్ప విద్యుత్తు పంపే పద్ధతి కూడా వచ్చింది. నిప్పు పుట్టిన చోటును తాకకుండా, అది పాకే దారిలో కాపలా పెట్టడమన్నమాట. ఈ జబ్బు అల్లిక జబ్బు అనడానికి ఇంతకంటే నిదర్శనం ఏముంటుంది?

ఎదుట మూర్ఛ వచ్చినప్పుడు

ఈ పడిపోని మూర్ఛ వచ్చినవారు కొన్నిసార్లు లేచి నడుస్తారు. గట్టిగా పట్టుకుంటే తెలియకుండానే తోసేస్తారు. పొయ్యి, బావి, మిద్దె అంచు, రహదారి వైపు పోకుండా మెల్లగా మళ్ళించి, తేరుకునేవరకు తోడు ఉండాలి. అలజడి మెదడంతా పాకి నేలకూలితే పక్కకు ఒత్తిగిలబెట్టి, తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫలితం లేదు. నోట్లో చెంచా గానీ, నీళ్ళు గానీ పెట్టడం ప్రమాదకరం. 5 నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్ళీ వచ్చినా వెంటనే 108కి ఫోను చేయాలి. తేరుకున్నాక నమాజుకు వుజూ మళ్ళీ చేసుకుంటే సరిపోతుంది.

దాచిన జబ్బు, తెగిన మాత్ర

ఇక మన ఇళ్ళలో అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పని విషయం ఆడపిల్లల పెళ్ళి. జబ్బు సంగతి దాచి నికాహ్ చేస్తారు. అత్తవారింట తెలిసిపోతుందన్న భయంతో పిల్ల మాత్రలు మానేస్తుంది. పెళ్ళి పనుల అలసట, నిద్రలేమి, మందు లేకపోవడం మూడూ కలిసి కొద్ది రోజులలోనే మూర్ఛను రప్పిస్తాయి. దాచినది బయటపడుతుంది, నమ్మకం తెగుతుంది. ఇందులో నష్టపోయేది ఆ పిల్ల ఒక్కతే. నికాహ్ ఒక ఒడంబడిక, ఒడంబడికకు ప్రాణం నిజాయితీ. ముందే చెప్పి, వైద్యుని మాట ఇరుపక్షాలకూ వినిపించి చేసిన సంబంధమే నిలుస్తుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారు పెళ్ళికి, సంతానానికి అనర్హులు కారు. హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ మూర్ఛవ్యాధిని అనర్హతగా పేర్కొన్న మాటలను మన దేశం 1999లోనే తొలగించింది. చట్టం తుడిచివేసిన మచ్చను మన మాటలతో తిరిగి అంటించవద్దు. గర్భం ధరించే ఆలోచన ఉన్నప్పుడు మాత్రం ముందుగానే వైద్యునికి చెప్పాలి. వాల్‌ప్రోయేట్ వంటి మందు గర్భస్థ శిశువుకు హాని చేయగలదు గనుక ఆయన మందు మారుస్తారు. తమంతట తాము ఆపడం తల్లికీ బిడ్డకూ ప్రమాదమే.

ఆ స్త్రీ అడిగినది

హదీసు గ్రంథాలలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూపించిన ఒక నల్లజాతి స్త్రీ ప్రస్తావన ఉన్నది. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన బాధ చెప్పుకున్నది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందనీ, కోరుకుంటే స్వస్థత కోసం ప్రార్థిస్తాననీ ఆయన (స) తెలిపారు. ఆమె సహనాన్ని ఎంచుకుని, మూర్ఛ వచ్చినప్పుడు తన దేహం మీది వస్త్రం తొలగకుండా ఉండేలా దుఆ చేయమని కోరింది. ఆయన (స) అలాగే దుఆ చేశారు.

ఈ సంఘటనను చూపి మందు అక్కరలేదనేవారు ఉన్నారు. అది సరికాదు. చికిత్స చేయించుకోమనీ, అల్లాహ్ ప్రతి వ్యాధికీ చికిత్సను కూడా సృష్టించాడనీ బోధించినది కూడా ఆ ప్రవక్తే (స). ముస్లిం వైద్యులు ఈ బోధనను శిరసావహించారు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన వైద్య విజ్ఞాన సర్వస్వం 'అల్ ఖానూన్'లో మూర్ఛను మెదడు వ్యాధుల సరసనే చేర్చాడు. ఆ స్త్రీ గాథ నేర్పే పాఠం వేరు. ఆమె జబ్బును దాచలేదు, దాచవలసిన అవసరాన్ని ఆ సమాజం ఆమెకు కల్పించలేదు. ఆమె అన్నిటికంటే ముందు కోరుకున్నది తన గౌరవం నిలవడాన్ని. మన ఎదుట ఎవరైనా మూర్ఛతో పడిపోతే మనం మొదట చేయవలసిన పని ఒక దుపట్టా కప్పి, చుట్టూ మూగినవారిని దూరంగా పంపడమే.

కణత వెనుక పుట్టిన మూర్ఛ మెదడంతా పాకినట్టే, ఒక బిడ్డ జబ్బు ఇంటి మొత్తానికీ పాకుతుంది. అలాగే ఒక్కరి అవగాహన కూడా ఇంటి మొత్తానికి మేలు చేయగలదు. ఈ పుటను చదివిన ఉస్తాదు తన తరగతిలో శూన్యంలోకి చూసే బిడ్డను ఒకసారి గమనించాలి. ఈ పుటను చదివిన తల్లి ఆ వీడియో తీసి వైద్యునికి చూపాలి. ఈ పుటను చదివిన అత్త తన కోడలి మాత్రల వేళను తానే గుర్తుచేయాలి.

రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థతను, వారి సేవ చేసేవారికి ఓర్పును, మనందరికీ గ్రహింపును ప్రసాదించుగాక! ఆమీన్.